ఇవాళ పురుగు లేవలేదు

మా గాలాల దుకాణం గుమ్మం పక్కన నల్లబల్ల ఒకటి ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు దానిమీద రాసింది ఆన్సెల్ ట్వైట్ గారు. రోజూ మధ్యాహ్నం మిస్సోరి నదిలో మోకాటిలోతుకు దిగేవారు. నీరెంత చల్లగా ఉందో, వడి ఎలా ఉందో, ఏ పురుగు రెక్కలు విప్పుకుని పైకి లేస్తోందో చూసి వచ్చి రాసేవారు. ఆ పురుగును పోలిన ఈకల ఎర కొనుక్కుని జనం ట్రౌట్ చేపల వేటకు వెళ్లేవాళ్లు.

ఆ చివరి ఏడు అక్టోబరులో ఆయన స్నేహితుడు రాయిస్ గుండె బలహీనపడి మంచం పట్టాడు. ఆన్సెల్ గారూ నేనూ చూడబోయాం.

"ఆలివ్ పురుగు లేచిన రోజు కబురు పెట్టరా. కుర్చీతో సహా నన్ను ఒడ్డున పడెయ్. ఒక్క చేప చాలు," అన్నాడు రాయిస్.

"నీ బరువుకి ఒడ్డు కూలుద్దిరా," అన్నారు ఆన్సెల్.

ఆలివ్ పురుగు బియ్యపుగింజంత ఉంటుంది. మబ్బు పట్టి సన్నజల్లు పడితే లేస్తుంది, దాన్ని తినడానికి చేపలు పైకొస్తాయి. తొమ్మిది రోజులు అలాగే మబ్బు పట్టింది. తొమ్మిది రోజులూ బల్లమీద ఒకటే మాట: "ఇవాళ పురుగు లేవలేదు." రాయిస్ భార్య ఎడ్నా ఫోన్ చేసినప్పుడల్లా నేనూ అదే చెప్పాను.

మూడోనాడే ఒక బేరగాడు నాతో అన్నాడు, నీళ్లమీద బూడిద చల్లినట్టు పురుగులున్నాయని. ఆన్సెల్ గారి మాటను కాదనడానికి నాకు నోరు రాలేదు.

పదోనాడు రాయిస్ పోయాడు.

అంత్యక్రియలయ్యాక ఆన్సెల్ గారు నన్ను నది దగ్గరికి తీసుకెళ్లమన్నారు. పురుగులు లేస్తూనే ఉన్నాయని ఎవరో ఆయనతో అనేసినట్టున్నారు.

"ఉన్నాయా, అమ్మాయ్?"

"ఉన్నాయండి."

"ఎక్కడ?"

"మీ చొక్కా చేతిమీదే నాలుగున్నాయి."

చెయ్యి ముక్కుదాకా తెచ్చుకుని చాలాసేపు చూశారు.

"కళ్లు మసకేస్తున్నాయని తెలుసు. ఇంతని తెలీదు," అన్నారు. "పురుగులున్నాయని నీకు ముందే తెలుసా?" అని అడిగారు.

తెలుసన్నాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కణ్ణించి నేరుగా ఎడ్నా ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆమె, "ఆన్సెల్, నీ కబురు కోసం రాయిస్ రోజూ పొద్దున బూట్లు తొడగమనేవాడు. సాయంత్రం నేనే విప్పేదాన్ని," అంది.

ఆ తర్వాత ఆన్సెల్ గారు నాలుగేళ్లు బతికారు. నదిలో మళ్లీ దిగలేదు. ఎడ్నా వాకిట్లో మంచు మాత్రం ప్రతి చలికాలం తడుముకుంటూ ఆయనే ఎత్తిపోసేవారు. ఆమె వద్దనలేదు, లోపలికి రమ్మనీ అనలేదు.