సాంబయ్యగారి మీద నేను చెప్పిన ఎగ్జాంపుల్

మొన్న నా నోటి దురద వల్ల ఓ పెళ్ళి సంబంధం తప్పిపోబోయిందండీ. నాది కాదులెండి, నాకు ఆ ముచ్చట ఎప్పుడో తీరిపోయింది. మా స్కూల్ అటెండరు సాంబయ్యగారి పెద్దబ్బాయిది. ఇంతకుముందే మూడు సంబంధాలు వెనక్కిపోయాయి పాపం. ఈసారి వత్సవాయి ఊళ్ళో ఆడపిల్లవాళ్ళు కాస్త సుముఖంగా ఉన్నారని, ఇది కుదిరితే చాలని ఆయన రోజూ దణ్ణాలు పెట్టుకుంటున్నారు.

నేను జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో నందిగామ వచ్చి ఇంగ్లీషు చెప్తా. ఆ రోజు తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి పాఠంలో 'బెలీగర్డ్' అనే మాట వచ్చింది. ఒక కష్టం తీరేలోగా ఇంకోటి వచ్చి మీద పడుతూనే ఉండే మనిషి అని చెప్పా.

"అంటే సాడ్ అనే కదా మేడం?"

"కాదర్రా. సాడ్ అంటే ఇవాళ ఏడ్చి రేపు మర్చిపోతాం. ఇది మనిషిని ఊపిరి కూడా తీసుకోనివ్వదు."

గోడకి చెప్పినట్టే ఉంది. సరిగ్గా అప్పుడే సాంబయ్యగారు నోటీసు తెచ్చి సంతకం పెట్టించుకుని వెళ్ళారు. ఒక చెంప బూరెలా పొంగి ఉంది. ఆయన అటు వెళ్ళగానే నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలా.

"మన సాంబయ్యగారినే చూడండి. బండి ఇంజను పోయింది. అది బాగయ్యేసరికి వానకి వంటిల్లు కారింది. రేకులు మార్పిస్తే గేదె తప్పిపోయింది. గేదె దొరికిందనుకుంటే పన్ను వాచింది. అదీ బెలీగర్డ్ అంటే."

క్లాసంతా తలలూపింది. నా సర్వీసులో ఒక్క మాట అంత బాగా ఎక్కడం చూళ్ళేదు. ఇంటికెళ్ళి మా ఆయనకి కూడా గొప్పగా చెప్పుకున్నా.

నాలుగు రోజులకి లంచ్ టైంలో తెల్లచొక్కా పెద్దాయన ఒకరు గేటు లోపలికొచ్చారు. కుళాయి దగ్గర బాక్సులు కడుక్కుంటున్న మా పిల్లల్ని అడుగుతున్నారు. స్టాఫ్ రూమ్ కిటికీలోంచి నాకు వినపడుతూనే ఉంది.

"అమ్మాయిలూ, ఇక్కడ సాంబయ్యగారని ఉన్నారంట, ఎట్లాంటి మనిషమ్మా?"

ఆడపిల్ల తండ్రి ఎంక్వైరీకి వచ్చాడని నాకు వెలిగేలోపే మా పిల్లలు కోరస్‌గా "బెలీగర్డ్ అండీ" అనేశారు. అంతటితో ఆగారా? బండి, వంటిల్లు, గేదె, పన్ను వరసగా అప్పజెప్పారు. పరీక్షల్లో ఎప్పుడైనా అట్లా చెప్పారా ఒక్కళ్ళన్నా!

చేతిలో పెరుగన్నం చేతిలోనే ఉంది, పరిగెత్తా.

"అట్లా కాదండీ, ఆయన చాలా మంచివారు. జ్వరమొచ్చినా వస్తారు. బండి లేనప్పుడు నడిచి వచ్చారు. గేదె కోసం రాత్రంతా తిరిగి కూడా పొద్దున్నే గంట కొట్టారు." పిల్లలకి తెలియని జ్వరం కూడా నేనే కలిపానని అప్పుడు తట్టింది. నోరు మూసుకున్నా.

పెద్దాయన నావైపు తిరిగారు. "ఇన్ని మీద పడ్డా సెలవు పెట్టలేదా?" అన్నారు.

"లేదండీ."

"కష్టాల్లేని ఇల్లు ఎక్కడుందమ్మా. కష్టమొస్తే మంచమెక్కే మనుషులా, పనికెళ్ళే మనుషులా అని చూసుకుందామనే వచ్చా" అని నవ్వి వెళ్ళిపోయారు. మర్నాడే తాంబూలాలకి మంచిరోజు చూడమని కబురొచ్చింది.

సాంబయ్యగారు స్వీటు బాక్సుతో నా దగ్గరికొచ్చారు. జరిగిందంతా తెలిసిపోయినట్టుంది. నేను తలెత్తలేకపోయా. ఆయన మాత్రం చాలా మర్యాదగా అడిగారు.

"మేడంగారూ, మా రెండోవాడికి కూడా చూస్తున్నామండీ. ఈసారి పిల్లలకి ఏదన్నా మంచి మాట నేర్పండి."