కాటుక పూసిన మర

నా చిన్నప్పుడు ఒకసారి మూడు రోజులు ఎడతెగని వాన పడి మా చేలన్నీ మునిగాయి. ఏ సంవత్సరమో చెప్పలేను. డైరీ రాయడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. నాట్లు వేసి వారమైనా కాలేదు. సాయంత్రంలోగా నీరు తీయకపోతే నారు కుళ్ళిపోతుందని మా నాన్నగారు గట్టు మీద ఒకచోట నిలవలేకపోతున్నారు. ఆయన వెనకే నేనూ తిరుగుతున్నాను.

నీరు మురుగు కాలువలోకి పోవాలంటే తూము తలుపు లేవాలి. ఆ ఇనుప తలుపును ఎత్తేది నా పిడికిలికంటే లావైన మరల రాడ్డు. పైనున్న ఇత్తడి నట్టును పిడితో తిప్పుతుంటే రాడ్డు పైకి వస్తుంది. ఆ రోజు తలుపు జానెడు లేచి బిగుసుకుపోయింది. నలుగురు పట్టి తిప్పినా కదల్లేదు. పిడికి పొడవాటి గొట్టం తగిలిద్దామని ఒకరు, సమ్మెట తెమ్మని ఇంకొకరు.

తూములు చూసుకునే లస్కరు తాత అందర్నీ ఆపి, తలుపును కిందికి దించడం మొదలుపెట్టాడు.

"ఏంటయ్యా, చేలు మునిగిపోతుంటే తలుపు మూస్తావా?" అన్నారు నాన్నగారు.

"ఆయ్, ఎక్కడ పట్టిందో మూస్తేనే తెలుస్తుందండి. ఇప్పుడు బలం పెడితే మర తెగిపోద్ది. ఇంక లేవదండి."

ఉన్న జానెడు సందూ మూసుకుపోతుంటే నాకు ఏడుపొచ్చింది. తాత నావైపు తిరిగి ఇంట్లో కాటుక ఉందా అని అడిగాడు. పరుగున వెళ్ళి అమ్మ భరిణె తెచ్చాను. తలుపుకి పెళ్ళిచూపులా అని ఎవరో దెప్పారు. తాత భరిణె మూత తీశాడు. నట్టు కింది మర చుట్లకు వేలితో కాటుక పల్చగా పూశాడు. బిగిసేదాకా నెమ్మదిగా ఎత్తాడు, మళ్ళీ దించాడు. చుట్లన్నిటి మీదా నలుపు నిలిచే ఉంది. ఒక్క చుట్టు అంచున మాత్రం తుడుచుకుపోయి ఇనుము మెరుస్తోంది. అక్కడ మర కాస్త పక్కకు వంగింది.

ఆ దెబ్బ ఎవరిదో నాకు తెలుసు. అంతకుముందు వేసవిలో సముద్రపు పోటుకి కాలువలోంచి ఉప్పునీరు చేలల్లోకి ఎక్కకుండా తలుపు దించబోతే, అది దిగడం లేదని నాన్నగారే గునపంతో రాడ్డును మోదారు. ఆ వేళ తాత కూడా అక్కడే ఉన్నాడు. నాన్నగారికీ గుర్తొచ్చినట్టుంది, తల వంచుకున్నారు. ఇంతలో, ఏ వెధవ కొట్టాడో అని వెనకనుంచి ఒకాయన తిట్టాడు.

"ఎవరైతే ఏంటండి, ఎక్కడ పట్టిందో దొరికింది కదా," అని తాత ఆకురాయి అందుకున్నాడు.

వంగిన అంచును అరగంట అరగదీశాడు. అంతసేపూ నాన్నగారు రాడ్డు కదలకుండా పట్టుకుని నిలబడ్డారు. ఆముదం పోసి తిప్పితే తలుపు ఒక్క మనిషి చేతికే లేచింది. నీరు సుడులు తిరుగుతూ కాలువలోకి దూకింది. పల్లపు మడి ఒక్కటే పోయింది. మిగతా నారు బతికింది.

ఆఫీసులోగానీ ఇంట్లోగానీ ఏది బిగుసుకున్నా, ఎవరు చేశారని అడగబోయి ఆగి, ఎక్కడ పట్టిందో వెతకడం అప్పుడే నేర్చుకున్నాను. ఆ ఆగడం ఇన్నేళ్ళకీ సులువు కాలేదు. వెతికేంతసేపూ లోపల నీరు పెరుగుతున్నట్టే ఉంటుంది. అయినా తాత తలుపు దించినట్టు, ముందు వెనక్కే తిప్పుతాను.