తెర వెనక సంబంధం

మూగబొమ్మల హాలు చరిత్ర రాసే పని నాకు దక్కింది నా పాండిత్యం వల్ల కాదు, నా ప్రింటింగ్ మిషను వల్ల. నరసన్నపేటలో నాది ఫ్లెక్సీల షాపు. పుట్టినరోజు, పెద్దకర్మ, పార్టీ మారడం... ఈ పేటలో మనిషి జీవితంలో ముఖ్యమైనవన్నీ నా చేతుల మీదుగానే వెళ్తాయి. అందుకని హాలు ఓనరు తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

ఆ హాలు పేట చివర, హైవే పక్కన ఉంటుంది. సినిమాకి ఇంకా మాటలు రాని రోజుల్లో కట్టారు. మాటలొచ్చాక సినిమా ఊరి నడిబొడ్డుకి వెళ్ళిపోయింది, హాల్లోకి ధాన్యం బస్తాలొచ్చాయి. ఇప్పుడు ఏసీ పెట్టించి కల్యాణమండపం చేశారు. ప్రారంభోత్సవానికి గుమ్మం పక్కన పెద్ద ఫ్లెక్సీ ఉండాలన్నాడు ఓనరు. ఆయన ఫొటో, ఆయన కొడుకు ఫొటో, దండాలు పెడుతున్న నాయకుల ఫొటోలు పోగా చరిత్రకి జానెడు చోటు మిగిలింది. ఆ జానెడులోనే, ఆ రోజుల్లో కుర్చీల్లో కూర్చుని బొమ్మ చూసిన కుటుంబాల పేర్లు కూడా రావాలట. వాళ్ళ వారసులకి ప్రారంభోత్సవం నాడు ముందు వరసలో సోఫాలు.

కుర్చీల సంగతి కొంచెం చెప్పాలి. హాలు మధ్యలో పల్చటి తెల్లగుడ్డ కట్టేవారు. వెలుగు అవతలికి బాగా దిగాలని, ఆట ముందు దాన్ని నీళ్ళతో తడిపేవారు. మిషను వైపు కుర్చీలు, పెద్దమనుషులు. గుడ్డకి అవతల నేల, చవక టిక్కెట్టు, మిగతా ఊరు. బొమ్మ ఇద్దరికీ ఒకటే, కాకపోతే నేల వాళ్ళకి అద్దంలోలా తిరగబడి కనబడేది. మధ్యలో వచ్చే అక్షరాలూ తిరగబడేవి. అవి తిన్నగా ఉన్నా చదవగలిగేవాళ్ళు అటువైపు లేరు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

మా నాయనమ్మ వాళ్ళ నాన్న మునసబు. ఆయనకి కుర్చీ ఉండేదన్నది అందరూ ఒప్పుకున్న విషయం. గొడవంతా మా తాతవాళ్ళ నాన్న, అంటే మా ముత్తాత గురించే. ఆయనా కుర్చీలోనే కూర్చున్నాడని తాత. నేల మీద చతికిలబడ్డాడని నాయనమ్మ తమ్ముడు. తాతకి పెళ్ళయిన నాటి నుంచీ ఇదే. కూరలో ఉప్పు ఎక్కువైందని తాత నసిగితే చాలు, నాయనమ్మ గరిట కింద పెట్టి, "తెర ఎనకాల సంబంధం సేసుకుంటే అంతే, నాలిక్కూడా తిరగబడతాది" అనేది. ఆవిడ పోయాక ఆస్తి పంపకాలేమీ లేవు గానీ, ఈ మాట మాత్రం తమ్ముడికి వెళ్ళింది.

కాబట్టి సోఫా కబురు తెలిసిన రోజే తాత చేతికర్ర టకటకలాడించుకుంటూ షాపుకొచ్చాడు.

"ఒరే, మా నాన్న కుర్సీలో కూకున్నాడని రాయి."

"సాచ్చెం ఏటి తాతా?"

"నానున్నాను కదేటి?"

"నువ్వప్పటికి పుట్టనేదు కదా."

"పుడితేనేటి, పుట్టకపోతేనేటి? అప్పటి బొమ్మలో కత్తియుద్ధం మా నాన్న నాకు మొత్తం ఆడి సూపించాడు. ముందర కూకోనోడికి అంత ఇవరంగా తెలస్తాదేటి?"

అని ఊరుకోకుండా చేతికర్రని కత్తిలా దూసి, అక్కడ ఆరబెట్టిన ఓ శ్రద్ధాంజలి ఫ్లెక్సీతో యుద్ధానికి దిగాడు. అందులోని పెద్దాయన అప్పటికే పోయారు కాబట్టి ప్రాణనష్టం లేదు. తాత అన్నం తినేదీ, సంతకం పెట్టేదీ, చిన్నప్పుడు నన్ను కొట్టిందీ కుడిచేత్తోనే. కత్తి మాత్రం ఎడమచేత్తో దూశాడు. అయినా ముత్తాతని కుర్చీలో కూర్చోబెట్టి ప్రింటుకిచ్చేశాను.

ప్రారంభోత్సవం నాడు పాతకాలం గుర్తుగా హాలు మధ్యలో దుప్పటి కట్టారు. వంటవాళ్ళు గిన్నెలు కడిగే పైపుతోనే దాన్ని తడిపారు. చరిత్రలో కొంత భాగం ఓనరు పట్టుపంచె మీద కూడా పడింది. సోఫాలో తాత, పక్కనే బామ్మర్ది, అదే నాయనమ్మ తమ్ముడు. సోఫా వచ్చిందన్న తృప్తితో తాత కాలు మీద కాలు వేసుకున్నాడు. అప్పటి బొమ్మ దొరకలేదని ఓనరు కొడుకు ఇంకేదో దేశంవాళ్ళ పాత మూగబొమ్మ ఫోనులోకి దింపి ప్రొజెక్టరుకి తగిలించాడు. మీసాల వీరుడొకడు వచ్చి కత్తి దూశాడు.

"ఆపండి," అన్నాడు తాత. "బొమ్మ తిరగేసి ఎట్టారు."

బామ్మర్ది చాలా మెత్తగా అడిగాడు. "ఎటు తిరగేసారు బావా?"

"కుడిసేత్తో లాగుతున్నాడు, సూడు."

"మరి ఏ సేత్తో లాగాల?"

తాత ఎడమచెయ్యి పైకెత్తాడు. ఎత్తాక దానివంక చూసుకున్నాడు. అది కాస్త తన చెయ్యి కానట్టే చూసుకున్నాడు. నాకు జాలేసి, కొందరు వీరులు ఎడమచేతివాటంగా ఉంటారని మధ్యలో దూరాను.

"ఈరులందరూనా?" అన్నాడు బామ్మర్ది.

తాత కర్ర పట్టుకుని లేచి, తడి దుప్పటి అంచు పట్టుకుని అవతలికి వెళ్ళిపోయాడు. అటువైపు సాంబారు గుండిగలు, విస్తరాకుల కట్టలు. అలిగి ఇంటికెళ్ళిపోయాడేమోనని నేను లేవబోతుంటే దుప్పటి అవతలి నుంచి గొంతు వచ్చింది.

"ఒరే, ఇటు రా. ఇటు సరిగ్గానే వస్తాది."

వెళ్ళాను. రెండు గుండిగల మధ్య నేల మీద కూర్చున్నాడు. దుప్పటి మీద ఆ మీసాల వీరుడు ఎడమచేత్తో యుద్ధం చేస్తున్నాడు.

"మా నాన్న సూపించినట్టే ఉన్నాది," అన్నాడు తాత. "ఒక్కటీ తప్పు సెప్పనేదు."

కాసేపటికి బామ్మర్ది కూడా వచ్చి, తాత తొడని మోకాలితో నెట్టి, "జరుగు బావా" అని పక్కనే కూలబడ్డాడు. ఇదేదో మనసులు కలవడం అనుకునేరు. భోజనాలు అటువైపు నుంచే వడ్డిస్తారని ఆయనకి ముందే తెలుసు.

మర్నాడు పొద్దున్నే తాత షాపు తెరవక ముందే వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ కుర్చీ మాట తీసెయ్యమన్నాడు. ప్రింటయినది చెరపలేం తాతా అన్నాను. "అయితే ఫ్లెక్సీ తిరగేసి కట్టించు. మా నాన్నకి అలవాటే" అన్నాడు. తన ఫొటో గోడవైపు తిరగడానికి ఓనరు ఒప్పుకోలేదు. చివరికి 'కుర్చీలో' అన్నదాని మీద 'నేల మీద' అని చిన్న స్టిక్కరు అంటించాను. మాట కొంచెం పొడుగైంది, ఓనరు కొడుకు భుజం మీదికి ఎక్కింది. ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.