చారాణా మీది ఖడ్గమృగం

సబ్బులకూ బిస్కెట్లకూ అచ్చులు చేసే ఒక చిన్న వర్క్‌షాపులో, పటాన్‌చెరులో, నేను ఏడేళ్లు పనిచేశాను. కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం నా ఉద్యోగం. చేత్తో చెక్కడం మాత్రం అక్కడి ఉస్తాద్ నేర్పాడు. ఆయనది సంగారెడ్డి, తండ్రి కాలం నుంచి ముద్రలు చెక్కే ఇల్లు. ఆడపిల్లకు ఉలి ఎందుకని మిగతావాళ్లు నవ్వితే, ఆయన తన పక్కనే నాకు స్టూలు వేయించాడు.

మొదటి పాఠానికి జేబులోంచి ఒక చారాణా తీశాడు. చెల్లకుండా పోయిన ఇరవై ఐదు పైసల స్టీలు బిళ్ల. ఒకవైపు సింహాలు, ఇంకోవైపు ఖడ్గమృగం.

"గోరు పెట్టి సూడు బేటీ. బొమ్మ ఎంత ఎత్తున్నది?"

"ఏం తెలుస్తలేదు ఉస్తాద్."

"గదే పనితనం. స్టీలు మొండిది, అచ్చు లోతుకు దిగదు. వెంట్రుకంత మందంలనే గంత పెద్ద జంతువు బరువు సూపెట్టిండు."

ఆ చర్మపు మడతలు భూతద్దంలో చూసిన రోజు నుంచి నాకు ఆ బిళ్ల పిచ్చి పట్టింది. దొరికిందల్లా చదివి ఆయనకు చెప్పేదాన్ని. అణాలు పోయి నయా పైసలు వచ్చినప్పుడు అది నికెల్‌ది. తర్వాత నికెల్‌లో రాగి కలిపారు. అంతవరకూ దాని మీద పెద్ద అంకే ఉండేది, స్టీలుకు మారాకే జంతువు వచ్చింది. ఆయన టీ చల్లారిపోయేదాకా వినేవాడు.

ఒక వానాకాలమంతా, షిఫ్ట్ అయ్యాక గంటసేపు కూర్చుని, ఆ ఖడ్గమృగాన్ని పళ్లెమంత ఇత్తడి పలక మీద చెక్కాను. మెడ మడత మూడుసార్లు పాడైంది. నాలుగోసారి ఉస్తాద్ వేలితో తడిమి, "ఇగ ఊపిరి తీసుకుంటున్నది," అన్నాడు.

రుద్రారం దగ్గరి ఒక కాలేజీలో చేతిపనుల ప్రదర్శన పెట్టారు. "నీ పని నలుగురు సూడాలె," అని ఆయనే పలక తీసుకెళ్లాడు. నాకు సెలవు దొరికి, రెండో రోజు వెళ్లాను.

పలక పక్కన చీటీ మీద, అప్పుడప్పుడు మా వర్క్‌షాపుకు వచ్చే ఆయన మేనల్లుడి పేరుంది. ఆ అబ్బాయి కొత్త చొక్కా వేసుకుని, నికెల్, రాగి, స్టీలు అంటూ నా మాటలే విద్యార్థులకు అప్పజెబుతున్నాడు. నన్ను చూడగానే తల తిప్పుకున్నాడు. అతనికి ఆ కాలేజీ వర్క్‌షాపులోనే నేర్పే ఉద్యోగం ఖాయమైందని పక్కనున్న కాలేజీ మేడమ్ సంతోషంగా చెప్పింది. ఆ పలక నాదని ఆమెతో చెప్పాను. ఆమె ఉస్తాద్‌ను పిలిచి అడిగింది. ఆయన నా కళ్లలోకి చూస్తూనే, "ఈ పిల్ల గూడ జెర సాయం చేసింది మేడమ్," అన్నాడు.

బయట గేటు దగ్గర ఆయన్ని ఆపాను.

"ఎందుకట్ల జెప్పిన్రు?"

"వాడు మూడేండ్ల సంది బేకార్ తిరుగుతున్నడు బేటీ. నీకు నౌకరీ ఉన్నది. అయినా చారాణా చెక్కినోని పేరు ఎవలకన్న ఎరుకేనా?"

కోపం వస్తే బాగుండేది. చిన్నపిల్లలా ఏడుపొచ్చింది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టబోయాడు. వెనక్కి జరిగాను.

ఆ నెలాఖరుకు ఇస్నాపూర్‌లో ఇంకో కంపెనీలో చేరాను. ఆయన నాలుగైదుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మేనల్లుడు ఉద్యోగంలో స్థిరపడ్డాడని, నా పలకనే ముందు పెట్టి పాఠం చెబుతాడని విన్నాను.

కొత్త చోట నా పని చూసి సూపర్‌వైజర్ ఆశ్చర్యపోయాడు. "ఈ చేతిపని ఎవరు నేర్పిండ్రమ్మా?"

"ఎవ్వలు నేర్పలే సార్," అన్నాను. "నేనే నేర్చుకున్న."

అబద్ధమని తెలుసు. ఇప్పటికీ అదే చెబుతున్నాను.