ఒంటరిగా ముద్ద దిగని కూర్మారావు

కూర్మారావుకి ఏ పనీ ఒంటరిగా చేతకాదు. ఆయన రాయగడ రైల్వేలో గ్యాంగు మేస్త్రీ. పట్టాలు పదిమంది కలిసి ‘ఐలెస్సా’ అని లేపుతారు, అది న్యాయమే. ఈయనకి ఇంట్లో పీట జరపాలన్నా ఐలెస్సాయే. దుప్పటి పిండాలంటే రెండో కొస పట్టుకోమని పక్క క్వార్టరువాణ్ణి, అంటే నన్ను, కేకేసేవాడు. ఎదురుగా ఇంకొకరు తినకపోతే ముద్ద గొంతు దిగదట.

డెబ్బై ఎనిమిదిలో నా భార్య సత్యభామకి రక్తంలో క్యాన్సరని విశాఖపట్నంలో తేల్చారు. చూస్తుండగానే ఒంట్లో కండ కరిగిపోయింది. గాజులు మోచేతి దాకా జారేవి. బాగా తినాలి, కాస్త తిరగాలి, పడుకునే ఉంటే ఉన్న కండా పోతుందని డాక్టరు చెప్పాడు. మా అత్తగారు అప్పమ్మ వింటేనా! జబ్బు మనిషికి పత్యమే మందని బార్లీ జావ పోసి మంచం దిగనిచ్చేది కాదు. సత్యభామకీ అన్నం వాసన పడేది కాదు. గుమ్మం దాకా నేనే ఎత్తుకెళ్ళేవాణ్ణి. ఎత్తుకుంటే బరువే తెలిసేది కాదు. దొడ్లోకి పోయి ఏడ్చేవాణ్ణి.

అలాంటి ఇంటికి కూర్మారావు రోజూ కంచం పట్టుకుని రావడం మొదలెట్టాడు. పెళ్ళాం అప్పలకొండమ్మ పేచీ పెట్టుకుని తనతో కలిసి తినడం లేదట. కంచంలో చోడి ముద్ద, అదే రాగి ముద్ద, ఉలవచారు, బిస్సమ్ కటక్ సంతలో కొన్న గుడ్లు ఉడికించినవి. మంచం పక్కన చతికిలబడ్డాడు.

“సెల్లెమ్మా, నువ్వో ముద్ద తింతే గానీ నాకు దిగదు.”

“నాకొద్దు అన్నియ్యా.”

“అయితే నానూ మానెస్తాను.”

అంత మనిషీ కంచం ముందు మూతి ముడుచుకు కూర్చుంటే చూడలేక, విసుక్కుంటూ ఒక ముద్ద తింది. మర్నాడు దుప్పటి కొస పట్టుకోడానికి లేవాల్సొచ్చింది. ఆ తరవాత కందులు విసరడానికి తిరగలి మీద రెండో చెయ్యి. అన్నింటికీ ఐలెస్సాయే. చావుబతుకుల్లో ఉన్నదాని చేత చాకిరీ చేయిస్తున్నాడని మా అత్తగారు తిట్టిపోసింది. నాకూ ఒళ్ళు మండింది.

రక్త పరీక్షలు మాత్రం మెరుగుపడలేదు. పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు నాతో విడిగా అన్నాడు. ఆ మాట మింగలేక, కక్కలేక తిరిగేవాణ్ణి.

ఒక ఆదివారం కూర్మారావు రాలేదు. మధ్యాహ్నం దాటాక అప్పలకొండమ్మ వచ్చి, ఆయన అజీర్తి చేసి పడుకున్నాడని చెప్పింది. మీ పేచీ తీరిందా అని అడిగాను.

“పేసీ ఏటి బాబూ? రోజూ నాతోటి కడుపునిండా తినీసి, మళ్ళీ ఇక్కడ తింతన్నాడు. సెల్లెమ్మకి తోడు కావాల, నువ్వు సెప్పొద్దు అన్నాడు.”

ఇదంతా విని సత్యభామ మంచం దిగింది. మజ్జిగలో వాము పొడి కలిపి, చెంబు తనే పట్టుకుని, గోడ ఆసరాతో పక్కింటికి నడిచింది. నేను చెయ్యందిస్తే వద్దంది.

కూర్మారావు దొంగలా లేచి కూర్చున్నాడు. ఆయన మజ్జిగ తాగేదాకా ఆమె ఎదురుగా నిలబడే ఉంది.

“బేగి లెగు అన్నియ్యా,” అంది. “పొద్దున్నుంచీ ఆకలేస్తంది నాకు.”

ఆ మాట ఆమె నోట విని ఎన్నాళ్ళయిందో. కూర్మారావు ఒక చేత్తో పొట్ట పట్టుకునే, కంచం పెట్టమని అప్పలకొండమ్మని కేకేశాడు.