పాలబండి గుర్రం చేసిన డ్యూటీ

ఎండకు విరిగిన పాల వాసన ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న మస్కట్‌లో, అల్ మవాలేలో మా అమ్మాయి ఉండే బిల్డింగు గేటు దగ్గర అదే వాసన. లిఫ్టు పాడైంది కదా అని, మూడో అంతస్తులోని బాలింత తెప్పించుకున్న పాల సంచీని డెలివరీ మనిషి గోడవారన పడేసి పోయాడు. మస్కట్ మొత్తానికి ఇంటింటికీ పాలు పోసిన నా కళ్ళ ముందే ఇంత అన్యాయమా! సరే, మస్కట్ మొత్తం కాదు. ఖురంలో నాలుగు వీధులు. అయినా ఒక్క సీసా కూడా ఎండలో వదల్లేదు. వదిలితే ఆర్థర్ సార్ ఊరుకునేవాడా?

ఆయన అప్పట్లో మా పాల కంపెనీలో సూపర్‌వైజరు. కుర్రతనంలో ఇంగ్లండులో ఏదో చిన్న ఊళ్ళో గుర్రబ్బండి మీద ఇళ్ళకు పాలు వేసినవాడు. ఆ గుర్రం పేరు డాలీ. ఏనుగంత ఉండేదని మా రూమ్‌లో అందరికీ చెప్పాను గానీ, ఆయన మాత్రం "పొట్టిది, పొగరుది" అనేవాడు. దానికి ఇళ్ళన్నీ తెలుసట. ఈయన సీసాలు పట్టుకుని గుమ్మం నుంచి గుమ్మానికి నడుస్తుంటే, పగ్గం పట్టేవాళ్ళు లేకుండానే బండిని లాక్కెళ్ళి తరువాతి ఇంటి ముందు ఆగేదట. "అందుకే సామ్, ముసలావిడ తలుపు తీసేదాకా ఆగే తీరిక నాకుండేది. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగే తీరిక కూడా," అనేవాడు. సాంబయ్య అనడానికి నోరు తిరగక నన్ను సామ్ చేశాడు. వ్యానుకు ఆ తెలివి లేదు గనుక ఇద్దరిని పెట్టాడు. ఒకడు నడపాలి, ఒకడు మెట్లెక్కాలి. ఎక్కేవాణ్ణి నేను. నాకు లైసెన్సు లేదు.

ఒక వేసవిలో కొత్త మేనేజరు దిగి, వ్యానుకు ఒక్కడు చాలు, సామ్‌ను ఊరికి పంపెయ్యండి అన్నాడు. ఊళ్ళో నాకు పెళ్ళి కుదిరి ఉంది. గల్ఫ్ ఉద్యోగం చూసి ఇస్తున్న పిల్ల. నేను గదిలోకి దూసుకెళ్ళి బల్ల గుద్దానని చాలామందికి చెప్పాను. గుద్దింది ఆర్థర్ సార్. నేను తలుపు బయట చెమట తుడుచుకుంటున్నాను.

"మా ఊళ్ళో గుర్రం ఒక మనిషి పని చేసేది. మోటారు బండి రాగానే మీలాంటివాళ్ళే దాన్ని కబేళాకు తోలారు. ఇప్పుడు గుర్రం పనీ మనిషి పనీ ఒక్కడి నెత్తిన వేస్తారా?"

"కుదరకపోతే పాలు గేటు దగ్గర పెట్టి రమ్మనండి."

"ఈ ఎండలోనా? మీ పిల్లలకు తాగిస్తారా ఆ పాలు?"

"ఆ వ్యానుకు ఒక్క జీతమే ఇస్తాను."

"సామ్‌కు ఇవ్వండి. డ్రైవరును లారీకి మార్చండి. వ్యాను నేను నడుపుతాను."

మర్నాటి నుంచి తెల్లవారుజామున స్టీరింగు దగ్గర ఆయనే. నేను మెట్లు దిగేసరికి వ్యాను తరువాతి ఇంటి ముందుండేది. కిటికీలోంచి తల బయటపెట్టి గుర్రంలా సకిలించేవాడు. గుమ్మాల్లో ఆడవాళ్ళు నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు. డాలీని తోలుకుపోయిన రోజు ఆయన ఎక్కడున్నాడో అడగాలనిపించేది. అడగలేదు. నాకు బండి నేర్పించి, లైసెన్సు చేతికి వచ్చాకే ఆయన తన ఊరికి వెళ్ళాడు.

నిన్న ఆ డెలివరీ మనిషిని గేటు దగ్గర పట్టుకున్నాను. మీసం నెరుస్తున్న జగిత్యాల వాడు.

"బాలింతకు తెచ్చిన పాలయ్యా అవి! మెట్లెక్కలేవూ?" అని అరిచాను.

"ఎక్కుత పెద్దాయనా. బండి మీది సామాను ఎవలు జూడాలె? లేటైతే ఆ ఫోనే నా డ్యూటీ బంద్ జేస్తది. నువ్వు జూస్తవా మరి?"

గుర్రాన్ని తీసేశారు, రెండో మనిషిని తీసేశారు, చివరికి మేనేజరును కూడా ఫోనులో దాచేశారు! వాళ్ళ బల్ల ఎక్కడుందో తెలిస్తే ఈసారి నేనే గుద్దేవాణ్ణి.

"చూస్తాను, ఎక్కు," అన్నాను.

ఇవాళ కూడా అతను వచ్చే వేళకు కిందికి దిగాను. అతను పైకి వెళ్ళి వచ్చేలోగా బండిని పక్క బిల్డింగు దాకా నడిపి పెట్టానని మా అమ్మాయితో చెప్పాను. నడపలేదు. స్టాండు వేసిన బండి హ్యాండిలు పట్టుకుని ఎండలో నిలబడ్డాను, అంతే. పైన తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆ బాలింత గొంతు వినిపించాయి. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకున్నాక, ఒక్కసారి సకిలించాను.