సుధాకర్ అడిగిన పది నిమిషాలు

మొన్న పొద్దున సుధాకర్ నంబర్ నుంచి కాల్ వచ్చింది.

మాట్లాడింది వాడు కాదు. ఎవరో.
"అమ్మా, తాండూరు స్టేషన్ల మెట్ల మీద పడిపోయిండు."

ఇంకా నమ్మలేకపోతున్నాను. మా తోబుట్టువులందరిలో చిన్నవాడు. నలభై నాలుగేళ్లు.

రెండు నెలల కింద గుండెకు స్టెంట్ వేశారు. డాక్టర్ ప్రయాణాలు వద్దన్నాడు. తాండూరు ఆఫీసు వాళ్లు లాప్‌టాప్ ఇచ్చి వికారాబాద్‌లోనే ఉండి పని చేసుకోమన్నారు. వాడూ, వాడి భార్య లీలా మా మేడ మీదే ఉంటారు. వైఫై మాదే.

ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్లలోకి వెళ్లే వీపీఎన్ కనెక్ట్ అయ్యేది. ఒక్క ఫైలూ తెరుచుకునేది కాదు.

కారణం వాడే కనిపెట్టాడు.
"అక్కా, మన రౌటర్ల, ఆఫీసుల ఒకటే అడ్రస్ నంబర్లున్నయ్. తాండూరు ఫైలు అడిగితే లాప్‌టాప్ మనింట్లనే దేవులాడుతుంది. జర మన నంబర్ మారుస్త. పది నిమిషాలు."

"ఆఫీసోళ్లనే మార్చుకోమను."

"ఆడ అందరివి మార్చాలె. ఒప్పుకుంటలేరు."

నేను వద్దన్నాను.

నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు నడుస్తున్నాయి. రోజూ సాయంత్రం మా హాల్ నుంచే ఆన్‌లైన్ మీటింగ్. పోయినేడు ఎవరో ఆ రౌటర్‌ను ముట్టుకుంటే రెండు రోజులు ఆగిపోయింది.

"ఈస్టర్ అయినంక మార్చుకో. నీ నౌకరి కోసం ప్రార్థన ఆపాల్నా?"

వాడు నవ్వాడు. "దేవునికి గూడ వైఫై గావాల్నా అక్కా?"

"నీకు విశ్వాసం తక్కువ తమ్మీ. అందుకే గీ రోగం."

లీల ఎదుటే అన్నాను.

వాడు మళ్లీ అడగలేదు. మా గల్లీలో ఫోన్ సిగ్నల్ నిలవదు, ఇంకో దారి లేదు. మరునాటి నుంచి తాండూరు రైలెక్కాడు.

సాయంత్రం చెమట తుడుచుకుంటూ వచ్చి, హాల్లో వెనక కూర్చునేవాడు. నేను మైకు పట్టుకుని వాడి గుండె కోసం ప్రార్థించేదాన్ని. అందరికన్నా గట్టిగా వాడే "ఆమెన్" అనేవాడు.

ఇరవై మూడు రోజులు.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర లీల భుజం మీద చెయ్యి వేసి, "దేవుని చిత్తం బిడ్డా" అన్నాను.

నా చెయ్యి తీసేసింది.

"దేవుని మీద ఎయ్యకు వదినె. ఆయన వద్దనలే."

నిజం.

కింద కామెంట్లలో ఎవరూ దేవుని చిత్తమని రాయకండి.

పోయి రా తమ్మీ. నేను ఇవ్వని విశ్రాంతి ప్రభువు నీకు ఇచ్చును గాక.